గోడ లేని జైలు: పారిపోరన్న ధీమా ఎక్కడిది?

హత్యలాంటి పెద్ద కేసుల్లో శిక్ష పడ్డవాళ్లను, గోడ లేకుండా ఖైదీలు ఆరుబయట పనిచేసే ఓపెన్ ఎయిర్ జైళ్లకు పంపడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలివి. జైళ్ల నిర్వహణ, శిక్షల చట్టం బాగా తెలిసినవాళ్లు జవాబులు రాశారు. అడిగినవారి పేర్లు వేయలేదు.

ప్రశ్న: మాది బుక్కరాయసముద్రం దగ్గర పల్లె. రెడ్డిపల్లి ఓపెన్ జైల్లో పొలం పనులు చేసేవాళ్లలో చాలామంది హత్య కేసుల్లో యావజ్జీవం పడ్డవాళ్లేనంటారు. జేబుదొంగను నాలుగు గోడల మధ్య పెట్టి, మనిషిని చంపినవాణ్ని ఆరుబయట వదలడం ఏం లెక్క?
– అనంతపురం జిల్లా పాఠకుడు

మీరు అడిగింది ఒకటే అయినా అందులో రెండు ప్రశ్నలున్నాయి. ఈ మనిషి పారిపోతాడా? పారిపోతే ఎవరికైనా హాని చేస్తాడా? ఈ రెండూ వేర్వేరు. అధికారులు కూడా వీటిని కలిపేసినప్పుడే ఎంపిక తప్పుతుంది.

జేబుదొంగ సంగతి చూద్దాం. పడేది ఆరు నెలలో, ఏడాదో. ఓపెన్ జైలుకు పంపే ఫైలు కదిలి తిరిగొచ్చేలోపు శిక్షే అయిపోతుంది. పైగా ఇలాంటివాళ్లలో చాలామందికి స్థిరమైన చిరునామా ఉండదు, మూడు నాలుగు ఊళ్లలో కేసులుంటాయి. బయటికి వెళ్తే వెనక్కి రావడానికి వాళ్లను లాగేది ఏమీ ఉండదు.

గట్టు తగాదాలోనో, అన్నదమ్ముల ఆస్తి గొడవలోనో ఒక్కసారి కొడవలి ఎత్తి యావజ్జీవం పడ్డ రైతు వేరు. అతనికి ఊళ్లో ఇల్లుంది, భార్యాపిల్లలున్నారు, పట్టాదారు పాస్‌పుస్తకం ఉంది. ఎనిమిది పదేళ్లు లోపల గడిపాడు. పెరోల్ మీద మూడు నాలుగుసార్లు వెళ్లి చెప్పిన రోజుకే తిరిగొచ్చాడు. ఇప్పుడు పారిపోతే ఇన్నేళ్లుగా కూడబెట్టుకున్న రెమిషన్ (మంచి ప్రవర్తనకు, పనికి శిక్షలో తగ్గించే రోజులు), ముందస్తు విడుదల మీద ఆశ, పిల్లల పెళ్లికి వెళ్లే అవకాశం అన్నీ ఒక్క రాత్రిలో పోతాయి. ఆ లెక్క అధికారులకంటే అతనికే బాగా తెలుసు.

అలాగని హత్య కేసు ఖైదీలందరినీ పంపరు. కిరాయి హత్యలు, బందిపోటు దొంగతనాలు, ముఠా నేరాలు చేసినవాళ్లనూ, పిల్లల మీద అఘాయిత్యాలకు పాల్పడ్డవాళ్లనూ, గతంలో కస్టడీ నుంచి తప్పించుకున్నవాళ్లనూ మామూలుగా జాబితాలోకే రానివ్వరు. రాయలసీమలో ఇంకో చిక్కుంది. ఫ్యాక్షన్ కేసు ఖైదీ విషయంలో అతను పారిపోతాడన్నది చిన్న భయం. అవతలి వర్గం వాళ్లకు అతను పొలంలో ఒంటరిగా దొరుకుతాడన్నది పెద్ద భయం. అలాంటివాణ్ని సొంత ఊరికి దగ్గర్లోని ఓపెన్ జైలుకు పంపడం తెలివైన పని కాదు.

ప్రశ్న: మా మామయ్య సెంట్రల్ జైల్లో హెడ్ వార్డరుగా చేసి రిటైరయ్యాడు. "ఓపెన్ జైల్లో తాళం కాదు, లెక్కే కాపలా" అంటాడు. ఆ లెక్క ఎక్కడ తప్పుతుంది?
– రాజమహేంద్రవరం పాఠకుడు

మీ మామయ్య మాట నూటికి నూరుపాళ్లు నిజం. పొద్దున బ్యారక్ తీసినప్పుడు ఒక లెక్క. గ్యాంగులుగా విడదీసి పనికి పంపేటప్పుడు పేరుపేరునా మరో లెక్క. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకటి, సాయంత్రం లాకప్‌కు ముందు ఒకటి, రాత్రి చెప్పాపెట్టకుండా ఒకటి. పార, కొడవలి, గొడ్డలి కూడా ఇచ్చేటప్పుడు ఎన్నో, తీసుకునేటప్పుడు ఎన్నో రాసుకుంటారు.

ఈ లెక్క కాగితం మీద ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. తప్పేది పొలంలో. ముఖం చూడకుండా తలకాయలు లెక్కపెట్టడం మొదటి తప్పు. ఒకడి బదులు ఇంకొకడు "హాజర్" అంటే వార్డరుకు తెలియదు. రెండోది, మధ్యలో ఒక గ్యాంగు నుంచి ఇంకో గ్యాంగుకు మనిషిని మార్చి పుస్తకంలో రాయకపోవడం. ఇక్కడివాళ్లు అక్కడున్నాడనుకుంటారు, అక్కడివాళ్లు ఇక్కడున్నాడనుకుంటారు. సాయంత్రం దాకా బయటపడదు. మూడోది కోతల కాలం. పని పొద్దుపోయేదాకా సాగుతుంది, "మొత్తం అయ్యాక ఒకేసారి లెక్కపెడదాం" అనుకుంటారు. చీకటి పడ్డాక లెక్క తేలకపోతే అతను ఏ వేళకు పోయాడో చెప్పేవాడుండడు. ఆస్పత్రికి తీసుకెళ్లడం, కూరగాయలు మార్కెట్‌కు తోలడం లాంటి ప్రయాణాలు నాలుగోది. వెంట వెళ్లిన ఒక్క వార్డరు చీటీ రాయించుకోవడానికి వరసలో నిలబడితే చాలు.

కానీ లెక్క తప్పడం వల్ల మనిషి పారిపోడు. పారిపోవాలనుకున్నవాడికి అది సందు ఇస్తుందంతే. ఆ కోరిక పుట్టే వేళలు అనుభవం ఉన్న అధికారులందరికీ తెలిసినవే.

కొత్తగా వచ్చిన మొదటి వారాలు అన్నిటికంటే ముఖ్యం. ఏళ్ల తరబడి గోడ చూసిన కంటికి ఒక్కసారిగా రోడ్డు, బస్సు కనిపిస్తాయి. అందుకే కొత్తవాణ్ని మొదటి నెల ఆఫీసు చుట్టుపక్కల పనుల్లోనే ఉంచాలి. దూరపు మోటారు దగ్గరికి పంపకూడదు. ఇంటి నుంచి చెడ్డ కబురు వచ్చినప్పుడు రెండో గండం: తల్లికి సీరియస్‌గా ఉందని, భార్య పుట్టింటికి వెళ్లిపోయిందని, అన్న పొలం అమ్మేస్తున్నాడని. మూడోది పెరోల్ అర్జీ తిరస్కరించినప్పుడు. ఆ మాట తోటి ఖైదీ నోటి నుంచి వినడానికీ, సూపరింటెండెంట్ పిలిచి కూర్చోబెట్టి కారణం చెప్పడానికీ చాలా తేడా ఉంటుంది. చాలామంది ఆఫీసర్లు ఈ పది నిమిషాల పని గుమస్తాకు వదిలేస్తారు. పేకాట బాకీలు, తోటివాళ్ల బెదిరింపులు ఇంకో కారణం.

బయటివాళ్లకు తట్టని కారణం ఒకటుంది: పాత కేసు. ఎప్పుడో వేరే జిల్లాలో నమోదై మరుగున పడ్డ కేసులో కోర్టు నుంచి పీటీ వారెంట్, అంటే జైల్లో ఉన్నవాణ్ని తమ ముందుకు తీసుకురమ్మనే ఆదేశం వస్తుంది. ఇంకో ఏడాదిలో ఇంటికి వెళ్తాననుకున్నవాడికి లెక్క మొత్తం తారుమారవుతుంది. ఆ రాత్రి అతని మీద కన్నుంచాలి. అలాగే సోదాలో సెల్‌ఫోన్ దొరికినవాడు, రేపు తనను మూసిన జైలుకు పంపేస్తారన్న భయంతో ఈ రాత్రే పోతాడు. దొరికిన గంటలోనే తేల్చేయాలి తప్ప సోమవారం దాకా నాన్చకూడదు.

ప్రశ్న: మా తమ్ముడికి హత్య కేసులో యావజ్జీవం. ఆరేళ్లు దాటాయి, లోపల ఏ గొడవా లేదు. చెర్లపల్లి ఓపెన్ జైలుకు మార్పించాలంటే ఏం చేయాలి? ఒకాయన డబ్బిస్తే చేయిస్తానంటున్నాడు.
– వరంగల్ పాఠకురాలు

ముందు ఆ ఒకాయనకు దణ్ణం పెట్టి పంపేయండమ్మా. డబ్బు తీసుకుని "చేయిస్తా" అనేవాడు, అసలు జాబితాలో ఎలాగూ ఉన్నవాడి పేరు చూపించి సొమ్ము చేసుకునే రకం.

మొదట మీ తమ్ముడి నామినల్ రోల్ సంపాదించండి. శిక్ష ఎంత, ఎప్పుడు మొదలైంది, ఎన్ని రోజుల రెమిషన్ వచ్చింది, లోపల ఏమైనా శిక్షలు పడ్డాయా, పెరోల్‌కు ఎన్నిసార్లు వెళ్లొచ్చాడు అనేవి అందులో ఉంటాయి. జైలు సూపరింటెండెంట్‌ను అడగొచ్చు, లేదా సమాచార హక్కు కింద అర్జీ పెట్టొచ్చు. చేతికొచ్చాక ఒక్కటి జాగ్రత్తగా చూడండి: విచారణ సమయంలో రిమాండులో గడిపిన రోజులు కలిపారా? కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 468వ సెక్షన్ ప్రకారం అవి శిక్షలో కలవాలి. ఇవి రాయకపోవడం వల్ల అర్హతకు ఏడాది తక్కువగా కనిపించే ఫైళ్లు ఉంటాయి.

తర్వాత అర్జీ. మీరు రాసే ఉత్తరం సరిపోదు, మీ తమ్ముడే సంతకం పెట్టి సూపరింటెండెంట్‌కు ఇవ్వాలి. ములాఖత్‌కు వెళ్లినప్పుడు అర్జీ నంబరు, తేదీ అడిగి రాసుకోండి.

ఫైలు ఎక్కువగా ఆగేది మూడు చోట్ల. ఒకటి, పెండింగ్ కేసులు. కొట్టేసిన కేసు కూడా రికార్డులో పెండింగ్ అనే ఉండిపోవచ్చు. ఆ కోర్టు నుంచి తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చి జైల్లో ఇవ్వండి. రెండు, జరిమానా. కట్టకపోతే దానికి బదులుగా అనుభవించాల్సిన నెలలు శిక్షకు తోడవుతాయి. మూడోది పోలీసు రిపోర్టు. జైలు నుంచి మీ సొంత ఊరి స్టేషన్‌కు అడుగుతారు: కుటుంబం అక్కడే ఉందా, అవతలివాళ్లతో కక్షలు నడుస్తున్నాయా, ఇతను వస్తే గొడవలవుతాయా అని. మీరు ఇల్లు మారి చిరునామా మార్పించకపోతే కానిస్టేబుల్ వెళ్లి చూసి "ఈ చిరునామాలో ఎవరూ లేరు" అని రాస్తాడు. ఇంటి బంధం లేనివాడు పారిపోతాడన్నది మొదటి అనుమానం కాబట్టి ఫైలు అక్కడే ఆగుతుంది. కొత్త ఆధార్ చిరునామా నకలు ముందే జైలు ఆఫీసులో ఇచ్చి ఉంచండి.

డాక్టరు పొలం పనికి పనికొస్తాడని రాయాలి. షుగరు, బీపీ ఉన్నంత మాత్రాన అడ్డు కాకపోవచ్చు కానీ, మూర్ఛ ఉన్నవాణ్ని బావులూ మోటార్లూ ఉన్నచోటికి పంపడానికి ఏ డాక్టరూ తొందరపడడు.

ఓపెన్ జైలుకు పంపాల్సిందేనని పట్టుబట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ అర్హత ఉన్నవాడి పేరును పరిశీలించకుండా పక్కన పెట్టే హక్కు అధికారులకూ లేదు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఖైదీలకు లాయరును ఉచితంగా ఇస్తారు. అక్కడా తేలకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు.

ప్రశ్న: ఓపెన్ జైల్లో గడిపిన రోజులు యావజ్జీవ ఖైదీకి 14 ఏళ్లలో కలుస్తాయా?
– నెల్లూరు పాఠకుడు

కలుస్తాయి. అది కూడా జైలే. గోడ లేకపోయినా అతను కస్టడీలోనే ఉన్నట్టు. పెరోల్ మాత్రం అలా కాదు. గోవా కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు, పెరోల్ రోజుల్ని 14 ఏళ్ల అసలు శిక్షలో లెక్కించకూడదని చెప్పింది. ఓపెన్ జైల్లో అదనంగా వచ్చే రెమిషన్ ఈ 14 ఏళ్లను తగ్గించదు. మరణశిక్షకు అవకాశమున్న నేరంలో యావజ్జీవం పడితే 14 ఏళ్లు నిజంగా లోపల గడపాల్సిందే. పాత సీఆర్‌పీసీ 433ఎ, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 475 చెప్పేది అదే. 14 ఏళ్లు కాగానే తలుపులు వాటంతటవే తెరుచుకోవు కూడా. యావజ్జీవం అంటే జీవితాంతం, ముందు వదలడం ప్రభుత్వ నిర్ణయం.

ప్రశ్న: పారిపోతే అసలేం జరుగుతుంది? దొరికాక శిక్ష ఎంత?
– కరీంనగర్ పాఠకుడు

సాయంత్రం లెక్కలో ఒకడు తక్కువైతే ముందు మళ్లీ లెక్కపెడతారు, ఈసారి ముఖాలు చూసి. మరుగుదొడ్లు, పశువుల కొట్టం, పంపుషెడ్లు, చెరుకుతోట లాంటి చోట్లు వెతుకుతారు. తాగి పడుకున్నవాడు, పాము కరిచి పడిపోయినవాడు కూడా ఉండొచ్చు. అక్కడా లేకపోతే స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు, కంట్రోల్ రూముకు ఫొటో, పుట్టుమచ్చల వివరాలు, సొంత ఊరి స్టేషన్‌కు కబురు. పారిపోయినవాళ్లు చాలావరకు ఇంటికో, అత్తగారింటికో, దగ్గరి బంధువు దగ్గరికో చేరతారు. ఆ చిరునామాలు ములాఖత్ రిజిస్టరులోనే ఉంటాయి. మొదటి రాత్రి దాన్ని తిరగేసినవాళ్లకు సగం పని అయిపోయినట్టే.

చట్టపరంగా అది చట్టబద్ధమైన కస్టడీ నుంచి తప్పించుకోవడం. భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 262 కింద రెండేళ్ల వరకు జైలు. పాత ఐపీసీలో ఇది 224. బయట తిరిగిన రోజులు పాత శిక్షలో కలవవు. కానీ అసలు దెబ్బ ఈ రెండేళ్లు కాదు. రెమిషన్‌కు కోత పడుతుంది, మళ్లీ మూసిన జైలు, పెరోల్ అడిగిన ప్రతిసారీ హిస్టరీ టికెట్ (జైల్లో ఖైదీ నడవడిక రాసే రికార్డు) మీద ఆ ఒక్క వాక్యం కనిపిస్తుంది.

వార్డరుకూ ముప్పుంది. నిర్లక్ష్యం వల్ల ఖైదీ తప్పించుకుంటే బీఎన్‌ఎస్ 261 కింద ఆ ఉద్యోగికీ రెండేళ్ల వరకు సాధారణ జైలు పడొచ్చు. సస్పెన్షన్ అంతకంటే ముందే వస్తుంది. దాని ఫలితం చూడండి: అర్హుల పేర్లు పంపని సూపరింటెండెంట్‌ను ఎవరూ అడగరు. పంపినవాళ్లలో ఒక్కడు పోతే పంపినవాణ్ని మెమోలతో నిలదీస్తారు. 2022 చివరికి దేశంలోని 1,330 జైళ్లలో ఓపెన్ జైళ్లు 91. అన్ని జైళ్లూ కలిపి చూస్తే నూరుమంది పట్టేచోట 131 మంది ఉన్నారు. ఇంత కిక్కిరిసిన చోట కూడా ఓపెన్ జైళ్లు పూర్తిగా నిండకపోవడానికి ఈ భయం ఒక పెద్ద కారణమని మా అభిప్రాయం.

ప్రశ్న: రాజస్థాన్‌లో ఖైదీలు భార్యాపిల్లలతో కాపురం ఉంటారట. నిజమేనా?
– తెనాలి పాఠకురాలు

నిజమే. జైపూర్ దగ్గర సాంగనేర్‌లో 1963లో పెట్టిన ఓపెన్ క్యాంపు అది. అప్పటి రాజస్థాన్ గవర్నర్ సంపూర్ణానంద్ పేరు పెట్టారు. ఉత్తరప్రదేశ్‌లో ఉన్నప్పుడే ఆయన ఖైదీలతో ఆరుబయట క్యాంపుల పద్ధతి నడిపించారు. సాంగనేర్‌లో ఖైదీలు కుటుంబంతో ఉంటారు, పగలు బయట సొంతంగా పని వెతుక్కుని సంపాదించుకుంటారు. రోల్‌కాల్‌కు మాత్రం హాజరు కావాలి. లోపలి గొడవలు చూసుకోవడానికి వాళ్లలో వాళ్లే ఎన్నుకున్న బందీ పంచాయతీ ఉంది. ఎంపిక 1972 నియమాల ప్రకారం, మామూలుగా శిక్షలో మూడో వంతు గడిచాక.

మన దగ్గర పొలంలో కాపలా పెట్టి పని చేయించే పద్ధతికీ దీనికీ తేడా ఏమిటంటే, అక్కడ పారిపోవాలంటే పిల్లల బడి, కూలి డబ్బులు, వంటగిన్నెలు అన్నీ వదిలి పారిపోవాలి. అంతకంటే ఎత్తైన గోడ ఎవరూ కట్టలేరు. 2024 మే నెలలో సుప్రీంకోర్టు, ఇలాంటి ఓపెన్ జైళ్ల స్థలాలు ఎక్కడా తగ్గించొద్దని ఆదేశించింది.

ఒక లోటు చెప్పాలి: చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్లకు ఈ అవకాశం దాదాపు లేదు. మహారాష్ట్రలో యెరవాడ, కేరళలో పూజప్పుర లాంటివి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో కెంట్‌లో ఉంటుంది. అక్కడ ప్రమాదకరమైన ఖైదీలు ఓపెన్ జైలు నుంచి వెళ్లిపోయారని వార్తలొస్తుంటాయి. అంత కట్టుదిట్టమైన దేశంలో ఇదెలా?
– విజయవాడ పాఠకుడు

అక్కడ ఖైదీలను ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులుగా విభజిస్తారు. గూఢచారి జార్జ్ బ్లేక్ 1966లో లండన్ జైలు నుంచి తప్పించుకున్నాక మౌంట్‌బాటన్ కమిటీ సూచించిన పద్ధతి ఇది. ఆ మౌంట్‌బాటన్ మన చివరి వైస్రాయే. ముప్పు అన్నిటికంటే తక్కువనుకున్న డీ తరగతివాళ్లే ఓపెన్ జైలుకు వెళ్తారు. గోడ దూకితే "ఎస్కేప్" అంటారు. ఏ గోడా, తాళమూ దాటకుండా నడుచుకుంటూ వెళ్లిపోతే "అబ్‌స్కాండ్" అంటారు. ఈ రెంటి లెక్కలూ వేరుగా రాస్తారు. వార్తల్లో మాత్రం కలిసిపోతాయి.

మీరు చదివింది బహుశా ఇలాంటిదే: 2014 మేలో కెంట్‌లోని స్టాండ్‌ఫర్డ్ హిల్ ఓపెన్ జైలు నుంచి మైకేల్ వీట్లీ వెళ్లిపోయాడు. వరుస దోపిడీలకు 13 యావజ్జీవ శిక్షలు పడ్డవాడు. నాలుగు రోజుల్లో పట్టుబడ్డాడు, కానీ ఆలోపే సర్రే జిల్లాలో ఇంకో దోపిడీ చేశాడు. దాని తర్వాత, గతంలో తప్పించుకున్న చరిత్ర ఉన్నవాళ్లను అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఓపెన్ జైలుకు పంపొద్దని అక్కడి మంత్రి ఆదేశమిచ్చారు.

మరి అలాంటివాణ్ని ఓపెన్ జైలుకు ఎందుకు పంపారంటే, యావజ్జీవ ఖైదీని ఏదో ఒకనాడు వదలాల్సివస్తే, మూసిన జైలు నుంచి నేరుగా వీధిలోకి వదలడం ఇంకా ప్రమాదం. పెరోల్ బోర్డు అతన్ని ముందు ఓపెన్ జైల్లో, తాత్కాలిక సెలవుల్లో చూస్తుంది. కాబట్టి అక్కడి ఓపెన్ జైల్లో పెద్ద నేరస్తులుండటం పొరపాటు కాదు, దాని పనే అది. తప్పేది మనిషి ఎంపికలో. అతను వదిలిపెట్టలేని పాత అలవాటును మంచి ప్రవర్తన కాగితాలు కప్పేసినప్పుడు.

ప్రశ్న: కాలికి జీపీఎస్ కడియం వేస్తే సరిపోదా?
– విశాఖపట్నం పాఠకుడు

2023లో కేంద్రం పంపిన నమూనా జైళ్ల చట్టంలో, సెలవుపై వెళ్లే ఖైదీ ఒప్పుకుంటే ఈ పరికరం వేయవచ్చని ఉంది. కానీ కడియం పారిపోవడాన్ని ఆపదు, ఎటు పోయాడో చెబుతుంది, అదీ కత్తిరించేదాకా. దానికి ఛార్జింగ్ కావాలి, సిగ్నల్ కావాలి. రేకుల షెడ్డు కింద, లోతట్టు పొలాల్లో తప్పుడు హెచ్చరికలు వస్తే రెండు వారాల్లో వాటిని పట్టించుకోవడం మానేస్తారు. తెర ముందు రాత్రంతా మెలకువగా కూర్చునే మనిషిని పెట్టకుండా కడియాలు కొనడం దండగ.

ప్రశ్న: మా నాన్నను చంపినవాణ్ని ఓపెన్ జైలుకు పంపుతున్నారని ఊళ్లో వింటున్నాం. మాకెవరూ చెప్పలేదు. మేం ఏం చేయగలం?
– కడప జిల్లా పాఠకురాలు

మీ కోపం, భయం రెండూ సబబేనమ్మా. ఓపెన్ జైలు విడుదల కాదు, అతను ఇంకా శిక్షలోనే ఉన్నాడు. కానీ మీ ఊరికి గంట ప్రయాణం దూరంలో గోడ లేనిచోట ఉంటే, విడుదల కాదన్న మాట మీకు ధైర్యమివ్వదు. ఇంగ్లండ్‌లో హింసాత్మక నేరాల్లో ఏడాది లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడ్డ కేసుల్లో, బాధిత కుటుంబం కోరుకుంటే ఇలాంటి మలుపులు చెప్పే ఏర్పాటు ఉంది. మన దగ్గర మీరే ముందుకెళ్లాలి.

అతను ఉన్న జైలు సూపరింటెండెంట్‌కు, జైళ్ల డైరెక్టర్ జనరల్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. కేసు నంబరు, సెషన్స్ కోర్టు పేరు, తీర్పు తేదీ రాయండి. "పంపొద్దు" అని మాత్రమే రాస్తే ఫైల్లో పడుంటుంది. ఆధారాలు రాయండి: పెరోల్ మీద వచ్చినప్పుడు బెదిరించాడా, ఏ తేదీన, అప్పుడు ఫిర్యాదు ఇచ్చారా, సాక్షి ఎవరు. ఆ ఉత్తరం నకలు మీ స్టేషన్ ఎస్‌ఐకి ఇచ్చి రసీదు తీసుకోండి, ఎందుకంటే జైలు అడిగే పోలీసు రిపోర్టు రాసేది అక్కడే. పంపడం ఖాయమైతే వేరే జిల్లా ఓపెన్ జైలుకు పంపమని, పెరోల్ ఇస్తే మీ మండలంలోకి రాకూడదన్న షరతు పెట్టమని అడగండి. పూర్తిగా ఆపమనడం కంటే ఈ రెండు కోరికలూ నెరవేరే అవకాశం ఎక్కువ.